కీప్‌అలైవ్డ్: చేతులు మారడం వరకు దీనికి సాటి లేదు

రెండు లైనక్స్ రౌటర్లు పక్కపక్కన పెట్టి, ఒకటి పడిపోతే రెండోది అందుకునేలా చేయాలంటే ముందుగా వినిపించే పేరు కీప్‌అలైవ్డ్. అలెగ్జాండర్ కాసెన్ మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. లైనక్స్ వర్చువల్ సర్వర్ (వచ్చే పనిని చాలా మెషీన్లకు పంచే ఏర్పాటు) వెనకాల ఉండే మెషీన్ల ఆరోగ్యం చూసుకోవడానికి పుట్టింది. ఒకే అడ్రసును రెండు మూడు రౌటర్లలో ఒకటి పట్టుకుని, అది పోతే ఇంకోటి అందుకునే ప్రోటోకాల్ వీఆర్ఆర్‌పీ తర్వాత చేరింది. ఆ మొదటి సగం నాకు పెద్దగా అక్కర్లేదు, దాని ఊసు ఎత్తను. నా పనంతా రెండో సగంతో. గేట్‌వే అడ్రసు, అంటే నెట్‌వర్కులోని మెషీన్లు బయటికి వెళ్లేందుకు వాడే రౌటరు అడ్రసు, ఎప్పుడూ ఎవరో ఒకరి చేతిలో ఉండాలి, ఒక్కరి చేతిలోనే ఉండాలి. ఆ పనికి దీన్ని చాలాకాలంగా నమ్ముకున్నాను. అయినా దీని మీద వచ్చే పొగడ్తలు చదివినప్పుడల్లా కాస్త చిరాకు కలుగుతుంది. పొగిడేవాళ్లు సులువైన భాగాన్ని పొగిడి, కష్టమైన భాగం దగ్గర గప్‌చుప్‌గా తప్పుకుంటారు.

సులువైన భాగం అంటే అందరూ చూపించే ప్రదర్శన. తెర మీద పింగ్ నడుస్తుంటుంది, మాస్టర్ రౌటరుకు, అంటే అడ్రసు ఎవరి దగ్గరుందో దానికి, కరెంటు తీసేస్తారు, మూడు నాలుగు పింగులు పోయి మళ్లీ జవాబులు మొదలవుతాయి. చప్పట్లు. ఆ మూడు నాలుగు ఎక్కడివని అడిగేవాళ్లు తక్కువ. మాస్టర్ సెకనుకొకసారి 224.0.0.18 అనే మల్టీకాస్ట్ అడ్రసుకు ‘నేనున్నాను’ అని ప్రకటన పంపుతుంది. పక్కన కాచుకుని ఉన్న బ్యాకప్ రౌటరు మూడు ప్రకటనల కాలం ఓపిక పట్టి, ఆ పైన తన ప్రయారిటీని (మనం ఇచ్చే అంకె, మామూలుగా ఎక్కువున్నదే మాస్టర్) బట్టి ఇంకొంచెం ఆగుతుంది. ఆ కొంచెం ఎంతో తెలియాలంటే 256లోంచి ప్రయారిటీ తీసేసి 256తో భాగించాలి. ప్రయారిటీ 100 అయితే 0.61 సెకను, మొత్తం 3.61 సెకన్లు. ప్రయారిటీ ఎక్కువున్నది తక్కువ ఆగుతుంది కాబట్టి ఇద్దరు బ్యాకప్‌లు ఉన్నా ఒకేసారి ఎగబడరు. ఇదే పని చేసే సిస్కో ప్రోటోకాల్ హెచ్‌ఎస్‌ఆర్‌పీలో మామూలు అమరికైతే మూడు సెకన్లకొక పలకరింపు, పది సెకన్ల నిరీక్షణ. దాంతో పోలిస్తే ఇది చురుకే. వీఆర్ఆర్‌పీ మూడో వెర్షన్‌లో ప్రకటనల వ్యవధిని సెకనులో నూరో వంతు దాకా తగ్గించుకోవచ్చు. నేను తగ్గించను. సీపీయూ ఒక్క క్షణం ఊపిరాడక ప్రకటన ఆలస్యం చేస్తే, చావని మాస్టర్‌కు బ్యాకప్ కర్మకాండ మొదలుపెడుతుంది.

నాకు నిజంగా నచ్చింది ఆ ప్రదర్శనలో కనిపించదు. మాస్టర్ మీద సర్వీసును మనమే ఆపితే, అది పోతూ పోతూ ప్రయారిటీ సున్నాతో ఆఖరి ప్రకటన పంపుతుంది. ‘నేను వెళ్తున్నాను, నువ్వు చూసుకో’ అని దాని అర్థం. బ్యాకప్ ఇక మూడు సెకన్లు ఎదురుచూడదు, తన వంతు 0.61 సెకను మాత్రం ఆగి అడ్రసు తీసుకుంటుంది. ప్రయారిటీ ఇంకా పెంచితే ఇంకా తక్కువ. కెర్నల్ మార్చాలన్నా, డిస్కు మార్చాలన్నా అర్ధరాత్రి దాకా కాచుక్కూర్చోవలసిన పని నాకు తప్పింది దీనివల్లే. రౌటర్లు ఊరికే చావవు. వాటిని మనం ఆపే సందర్భాలే ఎక్కువ. రెండో మెషీన్ ఖర్చు గిట్టుబాటయ్యేది ముఖ్యంగా అక్కడ.

ఇప్పుడు కష్టమైన భాగం. కరెంటు పోయి చచ్చే రౌటరు ఒక రకంగా మర్యాదస్తురాలు, చచ్చానని అందరికీ తెలిసేలా చస్తుంది. నా అనుభవంలో ఎక్కువసార్లు వచ్చే లోపం అది కాదు. బయటికి వెళ్లే లైనుకు పోర్టు మీద పచ్చదీపం వెలుగుతూనే ఉంటుంది, లింకు నిలబడే ఉంటుంది, దాని అవతల మాత్రం ఏమీ ఉండదు. పక్క రౌటరుతో మాటలు బాగానే సాగుతున్నాయి కనుక వీఆర్ఆర్‌పీ దృష్టిలో అంతా క్షేమం. అందుకే కీప్‌అలైవ్డ్‌లో ట్రాక్ స్క్రిప్ట్ అనే సదుపాయం ఉంది. మనం రాసిన పరీక్షను అది నిర్ణీత వ్యవధిలో నడుపుతుంది, ఇన్నిసార్లు వరుసగా తప్పితే లోపమని, ఇన్నిసార్లు నెగ్గితే బాగైందని లెక్కగడుతుంది. దీని అసలు బలం ఇదే. మనుషులు బోల్తా పడేదీ ఇక్కడే.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. మాస్టర్‌కు ప్రయారిటీ 150, బ్యాకప్‌కు 100. పరీక్ష తప్పితే వెయిట్ మైనస్ 20, అంటే ప్రయారిటీలోంచి 20 తీసేయమని రాశారు. చూడడానికి పద్ధతిగా ఉంది. లైను పోయింది, స్క్రిప్టు పట్టుకుంది, ప్రయారిటీ 130కి దిగింది. 130 ఇంకా 100 కన్నా ఎక్కువే. లాగ్‌లో లోపం కనిపించినట్లు నమోదవుతుంది, అడ్రసు మాత్రం చచ్చిన లైను దగ్గరే కూర్చుంటుంది. కాన్ఫిగరేషన్ తనిఖీ చేసే ఆప్షన్ ఉంది, వాడండి. కానీ అది రాత తప్పుల్ని పట్టుకుంటుందే తప్ప ఈ తీసివేతను చూడదు. ఇలాంటి జతలు ఎవరి దగ్గరైనా పరిశీలించవలసి వస్తే నేను మొదట చూసేది ఈ మూడు అంకెలే.

వెయిట్ ఇవ్వకపోతే ఇంకో తమాషా. అప్పుడు పరీక్ష తప్పగానే ఆ రౌటరు నేరుగా ఫాల్ట్ స్థితికి వెళ్లి, అడ్రసు వదిలేస్తుంది. మంచిదేగా అనిపిస్తుంది. కానీ రెండు రౌటర్లూ బయట ఉన్న ఒకే అడ్రసుకు పింగ్ కొడుతున్నాయనుకోండి, చాలామంది పెట్టేది ప్రసిద్ధమైన గూగుల్ డీఎన్ఎస్ అడ్రసు 8.8.8.8. ఏ కారణం చేతనైనా ఆ ఒక్క అడ్రసు జవాబివ్వడం ఆపితే రెండూ ఒకేసారి ఫాల్ట్‌లోకి పోతాయి. గేట్‌వే అడ్రసు ఎవరి దగ్గరా ఉండదు. మీ లైన్లు బాగున్నాయి, మీ రౌటర్లు బాగున్నాయి, కాపలా పెట్టిన స్క్రిప్టే కొంప ముంచింది. మైనస్ వెయిట్ ఇస్తే రెండూ సమానంగా తగ్గి, అడ్రసు ఉన్నచోటే ఉండిపోతుంది. అందుకే నేను వెయిట్‌తోనే వాడతాను. ఒకరికొకరు సంబంధం లేని రెండు మూడు గమ్యాలు పెట్టి, అన్నీ పోతేనే లోపమని రాస్తాను.

లోపలి వైపు అడ్రసుకు ఒక వీఆర్ఆర్‌పీ ఇన్‌స్టన్స్, బయటి వైపు అడ్రసుకు ఒకటి నడిపేవాళ్లు, రెండింటినీ కలిపి కదిలించే సింక్ గ్రూపు మరవద్దు. అది లేకపోతే లోపలి అడ్రసు ఒక రౌటరు మీద, బయటి అడ్రసు ఇంకో రౌటరు మీద ఉండే దుస్థితి వస్తుంది.

మాస్టర్ కోలుకుని తిరిగొచ్చాక అడ్రసు మళ్లీ లాక్కోవాలా, వద్దా? మామూలుగా లాక్కుంటుంది. పదేపదే రీబూట్ అవుతున్న మెషీన్ అయితే లేచిన ప్రతిసారీ లాక్కుంటుంది, పడిన ప్రతిసారీ వదులుతుంది. ఎక్కువ ప్రయారిటీ ఉన్న రౌటరులో నో ప్రీఎంప్ట్ (లాక్కోవద్దు) అని రాస్తే ఆ బెడద ఉండదు, అయితే మొదటి స్థితిని రెండింటికీ బ్యాకప్ అనే రాయాలి. నేను అదే పెడతాను, తిరుగు ప్రయాణం పగటిపూట నా చేత్తో చేస్తాను. ఇందులో ఒక మెలిక ఉంది, మాన్యువల్ పేజీలో వెతికితే తట్టదు. రౌటరు లేచినప్పుడు అది తగిలించిన స్విచ్ పోర్టు వెంటనే ట్రాఫిక్‌కు తెరుచుకోదు. పాత స్పానింగ్ ట్రీ (ప్యాకెట్లు స్విచ్‌ల మధ్య గుండ్రంగా తిరగకుండా చూసే ప్రోటోకాల్) నడుస్తుంటే వినడానికి 15 సెకన్లు, నేర్చుకోవడానికి మరో 15. ఈలోగా రౌటరుకు లింకు కనిపిస్తుంది, ప్రకటనలు మాత్రం వినబడవు. మూడు సెకన్ల చిల్లర ఎదురుచూసి, ఎవరూ లేరనుకుని తనే మాస్టర్ అయిపోతుంది. పోర్టు తెరుచుకోగానే ఎక్కువ ప్రయారిటీతో ప్రకటన పంపుతుంది, అవతలివాడు వినయంగా తప్పుకుంటాడు. నో ప్రీఎంప్ట్ రాసి ఉన్నా లాక్కోవడం జరిగిపోయింది! ఆ పోర్టును ఈ నిరీక్షణ లేకుండా తెరుచుకునే ఎడ్జ్ పోర్టుగా పెట్టండి. కొత్త వెర్షన్లలో వీఆర్ఆర్‌పీ మొదలవడాన్ని కాసేపు ఆపే స్టార్టప్ డిలే అనే అమరిక కూడా ఉంది.

ఇక ఒకే ఒరలో రెండు కత్తుల సంగతి. రెండు రౌటర్ల మధ్య ప్రకటనలు ఆగిపోతే ఇద్దరూ మాస్టర్లే. సాధారణ కారణం ఫైర్‌వాల్. వీఆర్ఆర్‌పీ టీసీపీ కాదు, యూడీపీ కాదు, ఐపీ మీద నేరుగా నడిచే 112వ నంబరు ప్రోటోకాల్. ఏ పోర్టు తెరవాలని అడిగేవాళ్లకు జవాబు లేదు, ఎందుకంటే పోర్టే లేదు. (ఓపెన్‌బీఎస్‌డీ వాళ్ల ఇలాంటి ప్రోటోకాల్ కార్ప్ కూడా ఇదే 112ను వాడుకుంటుంది. ఒకే నెట్‌వర్కులో రెండూ ఉంటే, ఒక్కో జతను గుర్తుపట్టే గ్రూపు నంబర్లు వేరుగా పెట్టుకోండి.) అన్నట్టు, గ్రూపు నంబరు. కీప్‌అలైవ్డ్ నమూనా ఫైల్లో అది 51. పాస్‌వర్డ్ నాలుగు ఒకట్లు. ప్రపంచమంతా ఆ ఫైలునే కాపీ కొట్టినట్టుంది. ఒకే సెగ్మెంటులో రెండు వేర్వేరు జట్లు ఎవరికి వారు 51తో జతలు దింపితే, ఒక జత ప్రకటనలు ఇంకో జత చెవిన పడతాయి, లాగ్ నిండా అడ్రసులు సరిపోలడం లేదన్న ఫిర్యాదులే. ఆ పాస్‌వర్డ్ కూడా తీగ మీద బట్టబయలుగా పోతుంది, అందులోనూ మొదటి ఎనిమిది అక్షరాలే లెక్క. దాన్ని రక్షణ అనుకోవద్దు.

నాకున్న అతి పెద్ద అసంతృప్తికి కారణం ఈ సాఫ్ట్‌వేర్ కాదు, ప్రోటోకాల్ స్వభావమే. కానీ సాఫ్ట్‌వేర్ దాన్ని కప్పిపుచ్చుతుంది. వీఆర్ఆర్‌పీలో మాట్లాడేది మాస్టర్ ఒక్కటే. బ్యాకప్ నోరు విప్పదు. కాబట్టి తన వెనకాల బ్యాకప్ ఉందో, ఎప్పుడో కన్నుమూసిందో మాస్టర్‌కు తెలియదు. స్థితి మారినప్పుడు నడిచే నోటిఫై స్క్రిప్టులు ఉన్నాయి, మెయిలు పంపే సదుపాయం ఉంది, అవన్నీ పక్కాగా పనిచేస్తాయి. కానీ బ్యాకప్ చచ్చినప్పుడు మాస్టర్ స్థితి మారదు, ఏ స్క్రిప్టూ నడవదు. అంతా సజావుగా ఉన్న రోజున రెండు రౌటర్లున్నాయా, ఒకటే ఉందా అనేది కీప్‌అలైవ్డ్ మీకు చెప్పలేదు. రెండోది పోయిందన్న సంగతి మొదటిది పోయినప్పుడు బయటపడుతుంది.

కాగితం మీద లెక్క మరోలా ఉంటుంది. 99 శాతం అందుబాటులో ఉండే పరికరం ఏడాదికి దాదాపు 88 గంటలు ఉండదు. అలాంటివి రెండు పక్కపక్కన పెడితే 99.99 శాతం, అంటే ఏడాదికి సుమారు 53 నిమిషాలు. ఈ గుణకారం నిలబడాలంటే రెండూ ఒకే కారణంతో పోకూడదు, పోయినదాన్ని వెంటనే బాగుచేయాలి. వెంటనే బాగుచేయాలంటే పోయిందని ముందు తెలియాలి కదా. అందుకే బ్యాకప్ మీద బయటి నుంచి వేరే నిఘా తప్పనిసరి. మెషీన్‌కు పింగ్ కొడితే చాలదు, కీప్‌అలైవ్డ్ నడుస్తోందా, బ్యాకప్ స్థితిలోనే ఉందా, దాని సొంత బయటి లైను పనిచేస్తోందా అన్నవి చూడాలి. అంతకన్నా నమ్మకమైనది, పైన చెప్పిన మర్యాదపూర్వక అప్పగింతను క్రమం తప్పకుండా చేయడం. ఈ వారం ఒకటి మాస్టర్, వచ్చే వారం రెండోది. నడవని బ్యాకప్ ఆ రోజే దొరికిపోతుంది.

ఒకే కారణంతో రెండూ పోవడం గురించి కీప్‌అలైవ్డ్‌ను తిట్టడం అన్యాయం. 2022 జులై 8న కెనడాలో రోజర్స్ నెట్‌వర్కు కుప్పకూలినప్పుడు మొబైలు, తీగల ఇంటర్నెట్ కలిసే పోయాయి, రెండింటికీ కోర్ నెట్‌వర్కు ఒకటే కాబట్టి. తీగల లైనుకు బ్యాకప్‌గా అదే కంపెనీ మొబైల్ సిమ్ పెట్టుకున్నవాళ్లకు రెండు లైన్లున్నా ఆ రోజు ఒక్కటీ లేనట్టే. ఒకే పవర్ స్ట్రిప్‌కు తగిలించిన రెండు రౌటర్లదీ అదే కథ. ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని సరిచేయదు.

రెండు విషయాలు తెలుసుకుని దిగండి. అడ్రసు చేతులు మారినప్పుడు, మామూలు అమరికలో దాని వెనకున్న మ్యాక్ అడ్రసు (నెట్‌వర్కు కార్డు సొంత అడ్రసు) మారిపోతుంది. కీప్‌అలైవ్డ్ గ్రాట్యుయిటస్ ఏఆర్‌పీ పంపి అందరికీ చెబుతుంది, వినని మొండి పరికరం ఏదైనా ఉంటే వర్చువల్ మ్యాక్ ఆప్షన్ పెట్టుకోవచ్చు. రెండోది, ఫైర్‌వాల్‌లో నడుస్తున్న కనెక్షన్ల పట్టిక దీనితో పాటు రాదు. నాట్ (లోపలి అడ్రసులను బయటి అడ్రసుగా మార్చడం) చేస్తున్న రౌటరైతే పెద్ద డౌన్‌లోడ్లు, తెరిచి ఉన్న సెషన్లు తెగుతాయి. కనెక్షన్ల పట్టికను అవతలికి చేరవేయడానికి కాన్‌ట్రాక్‌డీ అనే వేరే ప్రోగ్రామ్ కావాలి. నా వాడుకదారులు పేజీ మళ్లీ తెరుచుకుంటే చాలనుకునే రకం, అందుకని నేను దాని జోలికి పోలేదు.

గేట్‌వేకి, డీఎన్ఎస్‌కి, వెబ్ ప్రాక్సీకి నిరభ్యంతరంగా వాడండి. డేటాబేసుకు మాత్రం వద్దు. దీనికి కోరం (ఎక్కువమంది ఒప్పుకుంటేనే మాస్టర్ అనే పద్ధతి) లేదు, అవతలి మెషీన్‌ను బలవంతంగా ఆపే ఫెన్సింగ్ లేదు. రెండు గేట్‌వేలు ఒకేసారి మాస్టర్లయితే కాసేపు ప్యాకెట్లు దారి తప్పుతాయి, ఒకదాన్ని ఆపితే సర్దుకుంటుంది. రెండు డేటాబేసులు ఒకేసారి మాస్టర్లయి చెరో రకం రాతలు రాసుకుంటే, వాటిని కలపడానికి మనుషులే కూర్చోవాలి. ఆ పనికి పేస్‌మేకర్, కోరోసింక్ అనే క్లస్టర్ సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. నేర్చుకోవడం కష్టమే, కానీ ఆ కష్టం అక్కడ అవసరం.