పింగాణీ లాకెట్టు: ఏ అంచు మేలు?

నా మెడలో నీలం బొమ్మల లాకెట్టు చూసినవాళ్ళు ముందు "ఇది నిజంగా ప్లేటు ముక్కేనా?" అంటారు. ఆ తర్వాత అందరూ అడిగేది ఒకటే: చుట్టూ ఏం కట్టించాలి? బంగారు పూతా, టంకమా (సోల్డరింగ్), వెండా? మూడూ వేసుకుని చూశాను, అందుకే ఈ ముచ్చట.

ప్లేటు మా అమ్మమ్మది, విల్లో డిజైన్. పైన రెండు పిట్టలు, వంతెన మీద ముగ్గురు మనుషులు, పక్కన కొమ్మలు వేలాడే చెట్టు. చైనా పింగాణీని చూసి 18వ శతాబ్దం చివర్లో ఇంగ్లండ్‌లో వేయడం మొదలుపెట్టిన బొమ్మ అది. ఇల్లు మారుతుంటే పగిలింది. పారేయబుద్ధి కాలేదు.

బంగారు పూత వేసిన ఇత్తడి అంచు చూడ్డానికి అన్నిటికంటే బాగుంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి. నీలం పక్కన పసుపు భలే తేలుతుంది. కానీ మే నెల ఉక్కలో రోజంతా మెడకి అంటుకుని ఉంటే వెనకవైపు పూత ముందు పోతుంది, ఇత్తడి బయటపడి చెమటకి ఆకుపచ్చగా మారుతుంది. చింతపండు పెట్టి తోమారా, మిగిలిన పూత కూడా దాంతోనే పోతుంది. పెళ్ళికో పేరంటానికో వేసుకుని దాచేసేవాళ్ళకి సరే.

టంకం పని వేరు. ముక్క చుట్టూ సన్నని రాగి రేకు అంటించి దాని మీద టంకం పారిస్తారు, రంగు అద్దాల కిటికీలకి చేసినట్టు. ముక్క ఎంత వంకరగా ఉన్నా కుదురుతుంది, ఖర్చు తక్కువ, చెయ్యి తిరిగితే ఇంట్లోనే చేసుకోవచ్చు. సీసం లేని టంకమేనా అని మాత్రం అడిగి తీరాలి. రేడియో రిపేరు షాపుల్లో వాడే టంకం తీగల్లో ఎక్కువవాటిలో సీసం ఉంటుంది, ఒంటికి తగిలే నగకి అది వద్దు. నాకు చేసిచ్చిన స్నేహితురాలు సీసం లేనిదే వాడింది. అయినా మా విశాఖ బీచ్ రోడ్డు గాలికి కొన్నాళ్ళకే మెరుపు పోయి మసకబారింది. రేకు ఒక మూల లేచింది కూడా. మళ్ళీ అతకాలంటే మళ్ళీ వేడి చెయ్యాలి. పాత పింగాణీకి ఆ వేడి ఎక్కడ బీట తెస్తుందోనని నాకు టెన్షన్.

వెండికి నగల కొట్లుండే కురుపాం మార్కెట్ వెళ్ళాను. మూడు కొట్లవాళ్ళు మా వల్ల కాదన్నారు. నాలుగో ఆయన ముక్కని గోటితో కొట్టి చూసి, "ఇదేటమ్మా, కప్పు ముక్కా? దీనికి మంట తగిల్తే పగిలిపోద్ది," అన్నాడు. మంట తగలనివ్వలేదు కూడా. వెండి పట్టీని ముందే గిన్నెలా అతికి, చల్లారాక ముక్కని అందులో కూర్చోబెట్టి, అంచుని చిన్న ఇనప పుల్లతో ఎదురెదురు వైపుల నుంచి కొంచెం కొంచెంగా నొక్కుతూ వచ్చాడు. అంచుకి 92.5 వెండి (నూటికి 92.5 పాళ్ళు వెండి, మిగతాది రాగి లాంటి గట్టి లోహం) వద్దని, మేలిమి వెండి మెత్తగా వంగుతుందని ఆయనే చెప్పాడు. గట్టి అంచుని బలంగా నొక్కితే పగిలేది పింగాణీయే. కొక్కేనికి మాత్రం 92.5 వేశాడు.

నా ఓటు వెండికే. సముద్రం పక్కన ఉన్నవాళ్ళం, ఈ మూడింట్లో ఏది వేసుకున్నా నల్లబడుతుంది. నల్లబడ్డాక మళ్ళీ మామూలు రంగుకి వస్తుందా అన్నదే నేను చూసేది. వెండిని కాస్త విభూతితో మెత్తని గుడ్డ పెట్టి రుద్దితే చాలు. ముక్క మీద బంగారు గీత ఉంటే అటు చెయ్యి పోనివ్వకండి, అది పైపైన వేసింది, రాలిపోతుంది. ఇంకో లాభం, కోసిన అంచు మొత్తం వెండి కింద దాక్కుంటుంది. ముక్కని దీపానికి అడ్డం పెట్టి చూడండి. వెనక వేళ్ళ నీడ కనిపిస్తే బోన్ చైనా లాంటి గట్టి పింగాణీ, నీళ్ళు పీల్చదు. కనిపించకపోతే నీళ్ళు పీల్చే మట్టి రకం కావచ్చు. నాది అదే. కోసినచోట చెమట పీల్చి గోధుమరంగు గీత పడుతుంది. టంకం లాకెట్టులో రేకు లేచిన మూల ఆ గీత వచ్చేసింది, ఎంత రుద్దినా పోలేదు.

వెండికి ఒకటే ఇబ్బంది, ముక్క చదునుగా ఉండాలి. ప్లేటు మధ్య భాగమైతే సులువు, అంచు దగ్గర వంపు ముక్కలైతే చాలామంది చేయరు. ముక్క మీరే కోసుకునేటట్టయితే నీళ్ళు పోస్తూ, మాస్క్ పెట్టుకుని కోయండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు.

ఉంగరం వద్దు, గిన్నెలు తోమితే నాలుగు రోజులు కూడా ఉండదు. జుంకాలు చెవికి బరువు. తేలికగా కావాలంటే ఏటికొప్పాక లక్క గాజులు తీసుకోండి, అది వేరే సరదా.

పిట్టల ముక్క నా మెడలో ఉంది. వంతెన మీది ముగ్గురున్న ముక్క మా చెల్లి తీసుకుంది. వంపు ముక్కలు ఇంకా బిస్కెట్ డబ్బాలోనే ఉన్నాయి, కురుపాం మార్కెట్ ఆయన వాటిని చూడగానే చెయ్యి అడ్డంగా ఊపేశాడు.