మూడు రోజుల సెలవుకి కోనసీమ: ఎక్కడ దిగాలి, ఏది వదిలేయాలి

వరసగా మూడు రోజులు సెలవొస్తే చాలు, మా ఇంట్లో ముందు అండమాన్ మాటే వస్తుంది. ఈసారి కూర్చుని లెక్క వేశాం. శంషాబాద్‌లో విమానం ఎక్కి పోర్ట్‌బ్లెయిర్‌లో, అంటే ఇప్పటి శ్రీ విజయపురంలో దిగడం తేలికే. అక్కణ్ణుంచి హావ్‌లాక్, అంటే ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌కి మళ్లీ ఓడ. పోవడానికో రోజు, రావడానికో రోజు తీసేస్తే మిగిలేది ఒక్క రోజు, దాని మీద పిల్లలతో కలిపి టికెట్ల ఖర్చు. మా అత్తయ్య అప్పుడే అన్నారు, "దీవే కావాలంటే కోనసీమ లేదూ?" అని. నిజమే. గోదావరి పాయల్లో ఒకవైపు గౌతమి, ఇంకోవైపు వశిష్ట, నడుమ వైనతేయ, కింద బంగాళాఖాతం. చుట్టూ నీళ్లే.

ఒక్క మాట ముందే చెప్పాలి. సముద్రంలో ఆడుకోవడానికైతే కోనసీమ వెళ్లకండి. గోదావరి మోసుకొచ్చే ఒండ్రుతో ఇక్కడ నీళ్లు మట్టిరంగులో ఉంటాయి. తీరంలో చాలాచోట్ల నీడ దొరకదు, తడిబట్టలు మార్చుకునే చోటూ ఉండదు. అంతర్వేదిలో వశిష్ట సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు చూడ్డానికి చాలా బాగుంటుంది, కానీ నదీముఖం దగ్గర ప్రవాహాన్ని నమ్మకూడదు. పిల్లల్ని మోకాలిలోతు దాటనివ్వలేదు మేము. కోనసీమ అందమంతా కాలవగట్ల మీద, కొబ్బరితోటల మధ్య సన్న రోడ్ల మీద ఉంది. దాన్ని చూడాలంటే కారు మెల్లగా పోవాలి, మనకి తొందర ఉండకూడదు.

రైలు విషయంలో చాలామంది రాజమండ్రి టికెట్ తీస్తారు. అమలాపురానికి ఇప్పటికీ రైలు లేదు కాబట్టి అది సహజమే. కానీ రాజమండ్రిలో దిగాక రోడ్డు మీద ఇంకో రెండు గంటలు. మీరు దిండి వైపు ఉండబోతుంటే లింగంపల్లి నుంచి నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ మేలు. రాత్రి ఎక్కి పడుకుంటే పొద్దున్నే పాలకొల్లు. స్టేషన్ నుంచి క్షీరారామం దగ్గరే, పంచారామాల్లో ఒకటి. దర్శనం చేసుకుని, టిఫిన్ తిని, చించినాడ వంతెన మీద వశిష్ట దాటితే వచ్చేదే దిండి. కారు కిలోమీటరు లెక్కన కాకుండా రోజుకింత అని మాట్లాడుకోండి. లేకపోతే దారిలో ఎక్కడ ఆపమన్నా డ్రైవర్ మొహం మారుతుంది.

బస సంగతికొస్తే, మా ఓటు దిండికే. నది ఒడ్డున పర్యాటక శాఖ రిసార్టు ఉంది, ప్రైవేటువీ ఉన్నాయి. మేం దిగినచోటు పేరు చెప్పను. బాల్కనీ ముందు వశిష్ట, పొద్దున్నే వలలు లాగే పడవలు, అంతవరకు బ్రహ్మాండం. గదిలో వేడినీళ్లకి మూడుసార్లు ఫోన్ చేయాల్సొచ్చింది, వెబ్‌సైట్లో చూపించిన ఈతకొలను ఖాళీగా ఉంది. అయినా మళ్లీ వెళ్తే అక్కడే దిగుతాం. డబ్బులు కట్టేముందు ఫోన్ చేసి, గది నది వైపా రోడ్డు వైపా అని మాత్రం తప్పకుండా అడగండి. హౌస్‌బోటు మీద మోజుంటే పగటిపూటకే తీసుకోండి. రాత్రి నడుపుతారా, ఒడ్డున కట్టేసి ఉంచుతారా అన్నది ముందే తేల్చుకోవాలి. కట్టేసిన పడవలో దోమల మధ్య పడుకోవడానికి అంత డబ్బు దండగ. అమలాపురంలో లాడ్జీలు చవక, అన్ని ఊళ్లకీ మధ్యలో ఉంటుంది, ముసలివాళ్లు వెంట ఉంటే మందులకీ డాక్టర్‌కీ దిగుల్లేదు. కాకపోతే కిటికీ తెరిస్తే బజారు కనిపిస్తుంది, గోదావరి కాదు.

అందరూ చెప్పే జాబితాలోంచి మేం యానాం కొట్టేశాం. 1954 దాకా ఫ్రెంచివాళ్ల పాలనలో ఉన్న ఊరు, ఇప్పుడు పుదుచ్చేరిలో భాగం, చరిత్ర అంటే ఇష్టమున్నవాళ్లకి బాగుంటుంది. మా ఆఫీసు కుర్రాళ్లు అక్కడికి వెళ్లేది చరిత్ర కోసం కాదు, మందు కోసమని మీకూ తెలుసు. కోరంగి మడ అడవులు నిజంగా చూడదగ్గవే, చెక్కబాట మీద చెట్ల మధ్య నడవచ్చు. అయితే అవి కాకినాడ పక్కన. దిండి నుంచి వెళ్లి రావడానికే రోజంతా పోతుంది. కోరంగి చూడాలనుకుంటే కాకినాడలో బస పెట్టుకుని విడిగా ఇంకో ప్రయాణం వేసుకోండి.

వదలకూడనిది పి.గన్నవరం అక్విడక్టు. కింద వైనతేయ పారుతుంటే పైన వంతెన మీదుగా కాలవ పారుతుంది. కొత్తదానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు, అడిగినవాళ్లకి లేదనకుండా అన్నం పెట్టిన తల్లి. మా అబ్బాయి "నది మీద నదా?" అని అక్కణ్ణుంచి కదల్లేదు. పాతదాన్ని కూడా చూడండి, అక్కడ టికెట్టూ లేదు, క్యూ కూడా లేదు.

అంబాజీపేటలో పొట్టిక్కలు తినండి. పనసాకుల బుట్టల్లో ఉడికించిన ఇడ్లీలు, ఆకు వాసన పట్టి ఉంటాయి. పొద్దున్నే వెళ్లాలి. పులస చేప మాత్రం వరదనీళ్లొచ్చే జులై, ఆగస్టుల మాట. శీతాకాలంలో ఎవరైనా పులస అని వేలల్లో ధర చెప్తే నవ్వేసి వచ్చేయండి. అలాగని పులస కోసం వరదల్లో వెళ్తే లంకలు మునిగి సగం దారులు మూసుంటాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి హాయి. సంక్రాంతికి గదులు దొరకడం కష్టం, రేట్లూ మండుతాయి. కానీ కనుమ నాడు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు అలంకరించిన ప్రభల్ని మోసుకొచ్చే జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడాలంటే వేరే దారి లేదు, బంధువులుంటే వాళ్లింట్లో దిగడమే.

తిరుగు టికెట్ పోయేటప్పటి టికెట్‌తో పాటే తీసేయండి. ఆదివారం రాత్రి పాలకొల్లు నుంచి బెర్తులు దొరకడం గగనం. దొరక్కపోతే రాజోలు, అమలాపురం నుంచి కూకట్‌పల్లి మీదుగా వచ్చే స్లీపర్ బస్సులున్నాయి. వెనక చక్రం మీద సీటు మాత్రం తీసుకోవద్దు.