గుండెదడ తెప్పించి మరీ నేర్పే కౌన్సెలింగ్, విజయనగరంలో

ఐదుకు నాలుగు మార్కులు వేస్తున్నాను.

నేను బ్యాంకులో క్యాషియర్ని. క్యాబిన్‌లో కూర్చున్నాక మధ్యలో లేచిపోవడానికి ఉండదు. పెన్షన్లు పడే రోజుల్లో లైను గేటు దాకా వస్తుంది. ప్యానిక్ అటాక్ కూడా సరిగ్గా అప్పుడే వచ్చేది: దడ, వేళ్ల చివర తిమ్మిరి, ఇప్పుడే పడిపోతానన్న భయం. ఈసీజీ, థైరాయిడ్ అన్నీ బాగున్నాయని డాక్టర్ గారు తేల్చాక మా బావమరిది ఈ చోటు చెప్పాడు. గంటస్తంభం నుంచి నడిచి వెళ్లిపోవచ్చు. మందుల షాపు మీద రెండో అంతస్తు. మందుల్లేకుండా నయం చేసుకుందామని వెళ్లేవాడికి మందుల షాపు పక్కనుంచే మెట్లు! పేరు వేయొద్దని కౌన్సెలింగ్ చేసే మేడం అన్నారు కాబట్టి వేయడం లేదు.

కళ్లు మూసుకోమని వేణువు వినిపిస్తారేమో అనుకున్నాను. అలాంటిదేమీ లేదు. రిపోర్టులు చూశాకే మాట మొదలుపెట్టారు. భయంతో గబగబా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుందట, తిమ్మిరీ తల తిరగడమూ అందుకేనట. స్పృహ తప్పాలంటే మామూలుగా బీపీ పడిపోవాలి, ప్యానిక్‌లో అది పెరుగుతుంది. చాలామందికి పది నిమిషాల్లోపే భయం పైదాకా వెళ్లి దిగడం మొదలవుతుంది. ఇవన్నీ కాగితం మీద గీసి చెప్పారు. దీన్ని సీబీటీ అంటారు, అంటే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ.

తర్వాత అసలు పని. ముక్కు మూసుకుని సన్నటి స్ట్రాతో ఒక నిమిషం ఊపిరి తీయమన్నారు. తిరిగే కుర్చీలో గిరగిరా తిప్పారు. ఇరుగ్గా, నిటారుగా ఉండే ఆ మెట్లను మొదటిరోజే తిట్టుకున్నాను, వాటినే పరుగున ఎక్కించారు. పైకి వచ్చేసరికి అచ్చం కౌంటర్ దగ్గర వచ్చే దడే. అప్పుడు నీళ్లు తాగకూడదు, కూర్చోకూడదు, అది దానంతటది దిగేదాకా ఉండాలి. మధ్యమధ్యలో భయం పదికి ఎంతో చెప్పాలి. మొదట్లో తొమ్మిది అనేవాణ్ని. పోనుపోను అవే మెట్లకు మూడు అన్నాను, అదీ సగం విసుగుతో. గుండెజబ్బు, ఆస్తమా, ఫిట్స్ ఉన్నవాళ్లకు, గర్భిణులకు డాక్టర్ సరే అననిదే ఇవేవీ చేయించరు. యూట్యూబ్ చూసి సొంతంగా మొదలుపెట్టకండి.

జేబులో ఏమేం పెట్టుకు తిరుగుతారని అడిగారు. గ్లూకోజ్ పొట్లం, అత్యవసరానికని ఒక మాత్ర, అమ్మ కట్టి ఇచ్చిన పైడితల్లి అమ్మవారి కుంకుమ. బ్యాగులో నీళ్ల బాటిల్ ఎలాగూ ఉంది. ఇవి ఉన్నాయి కాబట్టే బతికానని మనసు నమ్ముతుందట, అందుకే ఒక్కొక్కటీ ఇంట్లో వదిలేసి రమ్మన్నారు. కుంకుమ సంగతి ఆవిడ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మంగళవారం మూడు లాంతర్ల దగ్గర అమ్మవారి గుడి క్యూలో బాటిల్ లేకుండా నిలబడటం నాకిచ్చిన హోంవర్క్. జనం కిక్కిరిసే సిరిమానోత్సవం (అమ్మవారి జాతర) నాడు వెళ్లగలనా అంటే మాత్రం ఇంకా చెప్పలేను.

అటాక్ ఇప్పటికీ అప్పుడప్పుడూ వస్తుంది. వస్తే క్యాబిన్ వదలను. చేతిలో ఉన్న కట్టను మిషన్‌లో ఇంకోసారి వేసి లెక్క చూసుకుంటాను, లైనులో వాళ్లు కాస్త గొణుక్కుంటారు, అంతే.

ఒక మార్కు తగ్గించింది ఇందుకు. ఇంటికిచ్చే కాగితాలన్నీ ఇంగ్లిషులో ఉన్నాయి. మా పాప తెలుగులో రాసిపెడితే గాని మా ఆవిడకు అర్థం కాలేదు. ఇంట్లోవాళ్లకు అర్థం కాకపోతే ‘నీళ్లు తాగు, పడుకో’ అంటూ చేసిందంతా పాడుచేస్తారు. ముప్పావు గంటకు 700 రూపాయలంటే చిన్న జీతాలవాళ్లకు కష్టమే. సాయంత్రం టైము దొరకడం ఇంకా కష్టం. అంత పెట్టలేనివాళ్లు ముందు 14416కి ఫోన్ చేయండి. అది 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, టెలి మానస్. ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు, రాత్రీ పగలూ ఉంటారు.

ఇప్పటికే మందులు వాడుతున్నవాళ్లను ఈ మేడం ఆపమనరు. తగ్గించాలన్నా రాసిచ్చిన డాక్టరే చెప్పాలంటారు. ఒక్క వారంలో పోవాలనుకునేవాళ్లకు, చెప్పింది ఇంట్లో రోజూ చేసే ఓపిక లేనివాళ్లకు ఈ డబ్బు దండగ.

ముందు ఫోన్ చేసి వెళ్లండి. బండి మాత్రం మందుల షాపు ముందు పెట్టకండి, ఆయన ఊరుకోడు.