హబ్బా, స్విచ్చా: మిల్లు ఆఫీసుకు ఏది మేలు?

మిర్యాలగూడ రైసు మిల్లుల వంటి చోట వేబ్రిడ్జి దగ్గర ఒక కంప్యూటర్, బిల్లింగు గదిలో రెండు, గేటు నుంచి గోదాము దాకా కెమెరాలు అవసరమవుతాయి. వీటన్నిటినీ కలపాల్సి వచ్చినప్పుడు “పాత హబ్ పడి ఉంది కదా, అదే పెడదాం” అనే మాట ఎవరో ఒకరు అంటారు. దయచేసి పెట్టకండి.

హబ్, స్విచ్ రెండూ కంప్యూటర్లను కేబుళ్లతో కలిపే పెట్టెలే. చూడడానికి ఒకటే: వరుసగా పోర్టులు (కేబుల్ గుచ్చే రంధ్రాలు), పైన చిన్న లైట్లు. తేడా అంతా పనిలో ఉంది. ధాన్యం లారీ తూకం వేబ్రిడ్జి నుంచి బిల్లింగు కంప్యూటర్‌కు వెళ్లాలనుకోండి. హబ్‌కు చిరునామా చదవడం రాదు. ఒక పోర్టులో వచ్చిన సంకేతాన్ని మిగతా పోర్టులన్నిటికీ పంపేస్తుంది. అదే క్షణంలో మరొకరు పంపితే రెండూ ఢీకొని చెడిపోతాయి. ఇద్దరూ కాసేపు ఆగి మళ్లీ పంపాలి. చాలా పాత హబ్‌ల మీద ‘సీఓఎల్’ అనే లైటు ఉంటుంది, ఈ ఢీకొనడాన్ని చూపేది అదే. లారీలు బారులు తీరిన వేళ అది ఆగకుండా మెరుస్తుంది.

స్విచ్ తనకు వచ్చిన ప్రతి ఫ్రేములో (డేటా పొట్లంలో) పంపిన పరికరం మ్యాక్ చిరునామా, అంటే ఆ పరికరానికి ఉండే 48 బిట్ల గుర్తింపు సంఖ్య, చూసి, అది ఏ పోర్టు వైపు ఉందో పట్టికలో రాసుకుంటుంది. ఆ తర్వాత తూకం బిల్లింగు పోర్టుకే వెళ్తుంది. తెలియని చిరునామాకు ఫ్రేము వస్తే మాత్రం స్విచ్ కూడా మిగతా అన్ని పోర్టులకూ పంపుతుంది, జవాబు రాగానే నేర్చుకుంటుంది. 1990లో కల్పన అనే అమెరికన్ సంస్థ తొలి ఈథర్‌నెట్ స్విచ్ తెచ్చాక హబ్‌కు రోజులు దగ్గరపడ్డాయి.

కెమెరాల దగ్గరే అసలు లెక్క తేలుతుంది. ఒక్కోటి 4 ఎంబీపీఎస్ (సెకనుకు 4 మెగాబిట్లు) పంపితే, 10 ఎంబీపీఎస్ హబ్ మూడు కెమెరాలకే చాలదు. 100 ఎంబీపీఎస్ హబ్ అయినా ఆ వేగాన్ని అందరూ పంచుకోవాల్సిందే. స్విచ్‌లో ప్రతి పోర్టుకూ పూర్తి వేగం, పైగా పంపడం, అందుకోవడం ఒకేసారి జరుగుతాయి. అయితే కెమెరాలన్నీ చేరేది వాటి దృశ్యాలను దాచే ఒక్క రికార్డరు పోర్టుకే. ముందుముందు కెమెరాలు పెరుగుతాయనుకుంటే గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) స్విచ్ తీసుకోండి, రికార్డరు కూడా గిగాబిట్‌దై ఉండాలి.

ఇంకొకటి: హబ్‌కు ఎవరు లాప్‌టాప్ తగిలించినా అందరి రాకపోకలూ చూడగలరు. స్విచ్ కూడా పూర్తి రక్షణ కాదు కానీ అంత సులువుగా చూడనివ్వదు. మహబూబ్‌నగర్‌లోనో నల్లగొండలోనో కాలేజీ ల్యాబులో విద్యార్థులకు ఢీకొనడం కళ్లకు చూపించాలంటే మాత్రం పాత హబ్ మంచి పరికరమే. అక్కడ దాన్ని దాచుకోవాలి.

మిల్లులో ఊక దుమ్ము ఎక్కువ కాబట్టి ఫ్యాన్ లేని స్విచ్ కొని, మూత ఉన్న పెట్టెలో బిగించండి. రాగి కేబుల్ 100 మీటర్లు దాటకూడదు. గేటు అంతకన్నా దూరమైతే మధ్యలో మరో స్విచ్ పెట్టాలి, లేదా ఫైబర్ లాగాలి. ఒకే కేబుల్ రెండు కొనలూ ఒకే స్విచ్‌లో గుచ్చకుండా చూసుకోండి. చవక స్విచ్‌లలో చాలావాటికి ఆ వలయాన్ని పట్టే ఏర్పాటు ఉండదు, మొత్తం నెట్‌వర్క్ నిలిచిపోతుంది.