థాప్ చామ్: మేత తినే నంది ఉన్న ఊరు

వియత్నాంలో చామ్ జాతివాళ్లు కట్టిన హిందూ ఆలయాలంటే అందరూ ‘మీ సన్’ అనే చోటి పేరే చెబుతారు. అక్కడ పూజలు ఆగి శతాబ్దాలైంది. ఇప్పటికీ దీపం వెలిగే గుడి చూడాలని మా ఆవిడ పట్టుబట్టడంతో న్యాట్రాంగ్‌లో రైలెక్కి, దక్షిణాన వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న థాప్ చామ్‌లో దిగాం. ఫాన్ రాంగ్ పట్టణానికి ఇదే స్టేషను. థాప్ చామ్ అంటే చామ్ గోపురమనే అర్థం.

ఆ దేశంలో అతి తక్కువ వానలు పడే ప్రాంతమిది. నాగజెముడు, గొర్రెల మందలు, ద్రాక్ష పందిళ్లు చూస్తే అనంతపురం దారిలో ఉన్నామేమో అనిపించింది.

స్టేషనుకు దగ్గరలోనే గుట్ట మీద పో క్లాంగ్ గరాయ్ ఆలయం. 13వ శతాబ్దం చివర్లో చామ్ రాజు జయసింహవర్మ కాలంలో మొదలైన ఎర్ర ఇటుక కట్టడం. ద్వారం పైన ఆరు చేతుల శివుడి నాట్యం, లోపల రాజు ముఖం చెక్కిన లింగం. గడప దాటగానే నంది. దాని మూతి దగ్గర ఎవరో పెట్టిన గడ్డి అప్పటికే వాడిపోయింది. పంట బాగా పండాలని రైతులు మేత పెడతారట. మనం నంది చెవిలో కోరిక చెప్పి వచ్చేస్తాం, వీళ్లు ముందు కడుపు నింపుతారు. నాకు వీళ్ల పద్ధతే న్యాయంగా తోచింది. ద్వారబంధాల మీద చామ్ శాసనాలున్నాయి. ఎండ ముదరక ముందే వెళ్లండి, గుట్ట మీద నీడ తక్కువ. జనసందడి కావాలంటే సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే చామ్‌ల కాటే పండుగకు వెళ్లాలి.

బస విషయంలో పొరపాటు చేశాం. మొదటి రాత్రి స్టేషను పక్క లాడ్జిలో దిగితే, ఫొటోలో ఉన్న కిటికీ గదిలో లేదు. రైలు కూతలు మాత్రం తెల్లవార్లూ వినిపించాయి. మర్నాడు నిన్ చు తీరానికి మారాం. గాలి హోరు ఉన్నా గది శుభ్రంగా ఉంది. గుడికి ట్యాక్సీలో రావలసి వచ్చినా అదే మేలు.

శాకాహారులు 'ఆన్ చై' (శాకాహారం తింటాను) అన్న రెండు మాటలు నేర్చుకోవాలి. లేకపోతే కూరగాయల్లోనూ చేపల సాస్ పడుతుంది. ఇక్కడి ద్రాక్ష మాత్రం ధారాళంగా తినవచ్చు.

ఒక్క పూటే మిగిలితే పో రోమే అనే మరో చామ్ గోపురం వదిలేసి, కుండల ఊరు బావ్ ట్రుక్‌కు వెళ్లండి. ఆ ఊళ్లో కుండలు చేసేది ఆడవాళ్లే, సారె వాడరు. మట్టిముద్దను దిమ్మె మీద పెట్టి, దాని చుట్టూ తామే వెనక్కి నడుస్తూ తడిగుడ్డతో అంచు నునుపు చేస్తారు. ఒక పెద్దావిడ తిరుగుతూనే మాతో కబుర్లాడింది, మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మా ఆవిడ కొన్న చిన్న కూజా హైదరాబాదు దాకా ఆమె ఒళ్లోనే వచ్చింది.