అనంతపురం పాతూరు కోవా కొట్టు: నున్నటి కోవా, అడిగితే ఇచ్చే పనీర్ తేట

పాతూరులోని ఈ చిన్న కొట్టులో పచ్చికోవా (చక్కెర వేయనిది) తీసుకోండి. నాలుకకు ఎక్కడా గరగర తగలదు. అది అంత సులువుగా వచ్చే గుణం కాదు. వంద గ్రాముల కోవాలో పాలచక్కెర, అంటే ల్యాక్టోజ్, 20 గ్రాములు దాటి ఉంటుంది. నీళ్లేమో సుమారు 30 గ్రాములే. మామూలు వేడిమిలో ఆ నీళ్లలో కరిగేది ఆరు గ్రాములు. మిగతాదంతా పలుకు (స్ఫటికం) కట్టాల్సిందే. పలుకు 30 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటిందా, ఇసుకలా తెలుస్తుంది. ఇక్కడ బాండలి దించాక కోవాను వెడల్పు పళ్లెంలోకి తీసి, చల్లారేదాకా గరిటె ఆపరు. దాంతో సన్నటి పలుకులు లెక్కలేనన్ని ఒక్కసారే పుడతాయి, ఏదీ పెరగదు. కదపకుండా వదిలేసిన కోవాలో పలుకులు తక్కువ, కానీ పెద్దవి.

గరగరలాడితే మైదా కలిపారని అనుమానించకండి. చెంచా కోవాను నీళ్లలో మరిగించి, చల్లార్చి, రెండు చుక్కల టింక్చర్ అయోడిన్ వేయండి. నీలం తిరిగితేనే పిండి.

రంగు కూడా బాగుంది, లేత మీగడ రంగు. పులుపు తిరగబోయే పాలకు వంటసోడా వేసి కాచితే కోవా గోధుమరంగుకు తిరిగి, సబ్బు వాసన కొడుతుంది. ఇక్కడ ఆ రెండూ లేవు.

పాలను నిమ్మరసంతో విరిచి పనీర్ తీశాక మిగిలే తేట అడిగితే ఊరికే ఇస్తారు. చపాతీ పిండికి, పప్పుకు శానా బాగుంటుంది. దాన్ని మరిగించి పాలచక్కెర తీయాలని మాత్రం చూడొద్దు, జిగురే మిగులుతుంది. నిమ్మరసం పులుపుకు పాలలోని కాల్షియం ఫాస్ఫేట్ కరిగి తేటలోకి దిగుతుంది. కాల్షియం చుట్టూ ఉండే నీటి అణువుల్లో కొన్నింటిని తోసి, ల్యాక్టోజ్ తన హైడ్రాక్సిల్ (ఆక్సిజన్, హైడ్రోజన్ జంట) కొసలతో అక్కడ చేరుతుంది. పట్టు చాలా వదులు, నీళ్లు పోస్తే విడిపోతుంది. కానీ తేట చిక్కబడేకొద్దీ ఈ లవణాలూ పులుపూ కలిసి పలుకు కట్టనివ్వవు. ల్యాక్టోజ్ ఇలా కాల్షియంను పట్టుకోవడం కొత్త సంగతి కాదు: కాల్షియం బ్రోమైడ్ అనే లవణంతో ల్యాక్టోజ్ జంటగా కట్టిన స్ఫటికం నిర్మాణాన్ని 1973లోనే ప్రచురించారు.

లోపం ఒక్కటే: రద్దీ వేళ కోవా వేడి తగ్గకముందే ప్లాస్టిక్ డబ్బాలో మూత పెట్టి ఇచ్చేస్తారు. ఆవిరి మూతకు పట్టి కిందికి కారుతుంది, ఆ తడి చోటే ముందు బూజు వస్తుంది. కాగితంలో కట్టమనండి. ఫ్రిజ్‌లో ఎక్కువ రోజులు ఉంచితే ఎంత నున్నటి కోవా అయినా పలుకు కడుతుంది, కాబట్టి రెండు రోజులకు సరిపడా కొనండి.