ఊర్లో నెట్టు: ఫైబర్ వైరా, ఎయిర్‌ఫైబరా, సిమ్ రౌటరా? ఏది మేలు?

మండల కేంద్రం దాటి ఐదారు కిలోమీటర్లు లోపలికి పోయాక కంపెనీ పేరు చూసి నెట్టు పెట్టించుకోవడం దండగ. మిర్యాలగూడలో గుర్రంలా పరుగెత్తే కంపెనీయే చందంపేట దిక్కు తండాలో మొండికేయొచ్చు. ముందు చూడాల్సినవి రెండు. మీ ఇంటికి చేరే సిగ్నల్ ఎంత? లైను తెగితే అతికే మనిషి ఎంత దూరంలో ఉంటాడు? రెండూ కుదిరితే ఫైబర్ వైరుకు సాటి లేదు. రెండోది కుదరకపోతే లెక్క మారుతుంది.

ఊళ్లకు ఫైబర్ వచ్చే దారులు ముఖ్యంగా రెండు. ఒకటి, బీఎస్ఎన్ఎల్ తరఫున కనెక్షన్లు ఇచ్చే స్థానిక భాగస్వామి. రెండు, మునుపటి కేబుల్ టీవీ ఆయన వేసుకున్న సొంత లైను. కొన్నిచోట్ల ఆ ఇద్దరూ ఒకరే! బీఎస్ఎన్ఎల్ ప్లాన్ల ధరకు జీఎస్టీ 18 శాతం అదనం. కొన్ని ప్లాన్లలో నెలకు 3,300 జీబీ వరకు ఇస్తారు. మామూలు ఇంట్లో అంత డేటా ఖర్చు కాదు.

అసలు కథ వైరులో నెట్టును మోసుకొచ్చే వెలుతురుది. దాని బలాన్ని డీబీఎంలలో కొలుస్తారు, మైనస్ అంకె పెరిగేకొద్దీ వెలుతురు బలహీనమన్నమాట. మండల కేంద్రంలోని ఓఎల్‌టీ (లైనులోకి వెలుతురు పంపే యంత్రం) దగ్గర ప్లస్ 3తో బయల్దేరిందనుకోండి. ఏడు కిలోమీటర్ల దూరానికి 2 పోతుంది. ఎనిమిది పాయలుగా చీల్చే స్ప్లిటర్ ఒక్కోటి 10.5 దాకా మింగుతుంది. ఊరి మొదట్లో ఒకటి, వీధిలో ఒకటి ఉంటే 21. కనెక్టర్లకు, అతుకులకు ఇంకో ఒకటిన్నర. ఇంటికి చేరేది మైనస్ 21.5, అంటే మంచి రీడింగే. తర్వాత కొత్త ఇళ్లకు ఇవ్వడానికి మధ్యలో రెండు పాయల స్ప్లిటర్ ఇరికిస్తారు. అది మూడున్నర తినేసరికి మైనస్ 25కు దిగుతుంది. ఇంట్లో పెట్టే డబ్బా మైనస్ 27, 28 దాకానే తట్టుకుంటుంది. ఇక జాయింటు పెట్టెలోకి నాలుగు చుక్కల నీళ్లు పోయినా, కిటికీ సందులో వైరు నలిగినా ‘లాస్’ అనే ఎర్ర లైటు వెలుగుతుంది. ‘మొదట్లో బాగుండె, తర్వాత ఖరాబైంది’ అనే ఫిర్యాదుల వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

కాబట్టి కనెక్షన్ ఇచ్చే రోజే వెలుతురు కొలిచే పవర్ మీటరు పెట్టి చూపించమనండి. మైనస్ 15 నుంచి 24 మధ్య ఉంటే సరే. 25 దాటితే కనెక్టరు మళ్లీ కట్టమని అడగండి. ఆకుపచ్చ కనెక్టరును నీలం దాంట్లో దూర్చితే నష్టం పెరుగుతుంది, ఎంత తొందరలో ఉన్నా ఒప్పుకోవద్దు. ఇంట్లో మిగిలిన వైరును అరచేతి కన్నా చిన్న చుట్టగా చుట్టొద్దు.

రీడింగు బాగుండి కూడా రాత్రి ఎనిమిది దాటాక నెట్టు నత్తనడక నడిస్తే తప్పు మీ వైరుది కాదు. ఆపరేటరు పై నుంచి కొనే బ్యాండ్‌విడ్త్ చాలట్లేదన్నమాట. వెయ్యి ఎంబీపీఎస్‌ను మూడు వందల ఇళ్లకు పంచితే, అందరూ ఒకేసారి వాడినప్పుడు తలా మూడు చిల్లరే. వంద ఎంబీపీఎస్ ప్లానుకు మారినా లాభం ఉండదు.

తెగడానికి కారణాలు చెప్పక్కర్లేదు: స్తంభాల మీద కోతులు, ఎత్తుగా పత్తి లోడు వేసుకొచ్చే ట్రాక్టర్లు, రోడ్డు వెడల్పు చేసే జేసీబీలు. తెగిన ఫైబర్‌ను అతికే స్ప్లైసింగ్ మిషను మండలంలోనే ఉంటే సాయంత్రానికి అతుకుతారు. నల్గొండ నుంచో మహబూబ్‌నగర్ నుంచో రావాలంటే రెండు మూడు రోజులు మర్చిపోండి. తెగితే ఎన్ని రోజుల్లో అతుకుతారన్న ప్రశ్న ఆపరేటర్‌ను కాదు, ఆయన దగ్గర కనెక్షన్ ఉన్న పక్కింటాయనను అడగాలి.

ఎయిర్‌ఫైబర్‌లో ఆ తంటా లేదు. స్లాబు మీద పెట్టిన యూనిట్ టవరు నుంచి 5జీ అందుకుని లోపలి రౌటరుకు పంపుతుంది. జియోలో 599 ప్లానుకు 30 ఎంబీపీఎస్, నెలకు 1,000 జీబీ, పన్నుతో 707. ఎయిర్‌టెల్‌లో 699కి 40 ఎంబీపీఎస్, డేటా అంతే. ఏడాదికి ఒకేసారి కడితే బిగింపు చార్జీ సాధారణంగా మాఫీ చేస్తారు. వెయ్యి జీబీ అంటే రోజుకు 33. మంచి నాణ్యతలో సినిమా గంటకు రెండు జీబీ పైచిలుకు తింటుంది కాబట్టి టీవీకి ఢోకా లేదు. సీసీ కెమెరాలతో జాగ్రత్త. ఒక్క కెమెరా 1 ఎంబీపీఎస్‌తో రాత్రింబవళ్లు క్లౌడుకు పంపితే రోజుకు దాదాపు 11 జీబీ. నాలుగు పెడితే నెల తిరక్కముందే కోటా ఖతం, జియోలో ఆ తర్వాత వేగం 64 కేబీపీఎస్.

5జీ వేగమంతా ముఖ్యంగా 3,500 మెగాహెర్ట్జ్ బ్యాండులో ఉంటుంది. అది గుట్టను దాటదు, దట్టమైన చింతచెట్టును కూడా సరిగ్గా దాటదు. స్లాబు మీద నిలబడితే టవరు కంటికి కనిపించాలి, దూరం కిలోమీటరు లోపు ఉంటే నిశ్చింత. ఎండాకాలంలో బిగించినది చెట్లు చిగురించాక మందగిస్తే ఆశ్చర్యపోవద్దు. నారాయణపేట, మక్తల్ దిక్కు మైదానాల్లో ఇది బాగా కుదురుతుంది. దేవరకొండ గుట్టల మధ్య, అమ్రాబాద్ అడవి అంచున చాలా ఊళ్లకు కుదరదు.

ఈ రెండూ అందని తండాలకు 4జీ సిమ్ రౌటరే దిక్కు. ఫోనులో గీతలు నిండుగా ఉన్నాయని మురిసిపోవద్దు. 700, 850 మెగాహెర్ట్జ్ బ్యాండ్లు దూరం వస్తాయి, గోడలు దాటుతాయి, కానీ వాటి వెడల్పు తక్కువ. వేగం ఇచ్చేది 1,800, 2,300 బ్యాండ్లు. సిగ్నల్ చూపే యాప్ పెట్టుకుని ఆర్‌ఎస్‌ఆర్‌పీ (సిగ్నల్ బలం) మైనస్ 100 కన్నా మెరుగ్గా, సిన్ర్ (రొదతో పోలిస్తే సిగ్నల్ ఎంత స్పష్టమో చెప్పే అంకె) 10 పైన ఉందా చూడండి. సిన్ర్ సున్నాకు దిగితే ఎంత ఖరీదైన రౌటరూ కాపాడదు.

ఇక్కడ ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది యాంటెన్నా వైరు దగ్గర. పైపు మీద యాంటెన్నా పెట్టి పదిహేను మీటర్ల సన్న కోయాక్సియల్ వైరు కిందికి లాగితే, మీటరుకు ఒక డీబీ చొప్పున తెచ్చిన సిగ్నలంతా దారిలోనే ఆవిరి. దానికన్నా సిమ్ లోపలే పట్టే అవుట్‌డోర్ రౌటరును పైపు మీద బిగించి, క్యాట్ 6 లాన్ వైరు దింపండి. వంద మీటర్ల దాకా నష్టం లేదు. పైపుకు ఎర్తింగ్ తప్పనిసరి. మృగశిర ముందు ఉరుములు మొదలైతే లాన్ వైరు ఊడదీయండి. నెల ఖర్చు మాత్రం చూసుకోవాలి: రోజుకు 2 జీబీ రీచార్జి పిల్లల క్లాసులకు, ఫోన్‌పేకు సరిపోతుంది, ఇంటిల్లిపాది టీవీకి సరిపోదు.

తెలంగాణ ప్రభుత్వ ఫైబర్ పథకం టీ-ఫైబర్ గురించి అడిగేవాళ్లు చాలామంది. 2024 డిసెంబరులో నారాయణపేట జిల్లా మద్దూరు వంటి కొద్ది చోట్ల ప్రయోగాత్మకంగా మొదలైంది. మీ ఊర్లో పంచాయతీ ఆఫీసు దాటి ఇళ్లకు లైను వచ్చిందేమో కార్యదర్శిని అడగండి. వస్తే ముందు దాన్నే చూడండి, రాకపోతే దానికోసం ఆగొద్దు.

కరెంటు సంగతి కొనేముందే చూసుకోవాలి. ఫైబర్ డబ్బా సాధారణంగా 12 వోల్టులది, చిన్న మినీ యూపీఎస్‌తో రెండు మూడు గంటలు లాగుతుంది. ఎయిర్‌ఫైబర్ స్లాబు యూనిట్‌కు కరెంటు లాన్ వైరులోనే ఎక్కువ వోల్టేజీతో పోతుంది, దానికి సాధారణంగా ఇన్వర్టరు కావాలి. పైగా కరెంటు పోయినప్పుడు టవరులోనే బ్యాటరీ లేకపోతే మీ ఇన్వర్టరు ఉన్నా లేనట్టే. ఒకసారి కరెంటు పోయినప్పుడు ఫోనులో సిగ్నల్ ఎంతసేపు నిలుస్తుందో చూస్తే ఆ సంగతి తెలిసిపోతుంది. అది చూసుకునేదాకా, రాత్రి తొమ్మిదింటి వేగం కూడా కొలుచుకునేదాకా, ఎంత తగ్గింపు ఇస్తామన్నా ఏడాది ప్లాను కట్టకండి.